కొండెక్కే మనవలకు వాకీటాకీల సంగతి

పర్లాకిమిడి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మీరు ఫోనులో పంపిన మూడు వాకీటాకీల ఫోటోలూ చూశాను. మహేంద్రగిరి ప్రయాణానికి వాటిలో ఏవి కొనాలని అడిగారు. మూడింటిలో కొనదగ్గవి ఒక్కటే రకం. అవి మీరు చివర్న, అయిష్టంగా చేర్చిన పసుపు రంగు సెట్లు: అర వాటు శక్తి, పొట్టి యాంటెన్నా, పెట్టె మీద అన్నిటికన్నా తక్కువ దూరం. మిగిలిన రెండు రకాలూ వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే ఉత్తరం కాస్త పొడవవుతుంది. ఉద్యోగమంతా వైర్‌లెస్ సెట్ల ముందు గడిపినవాణ్ణి కాబట్టి ఈ సంగతి మీకు పైపైన కాకుండా సరిగా తెలియాలని నా కోరిక. ఓపిగ్గా చదవండి.

ముందు మన అవసరం ఏమిటో చూద్దాం. బరంపురం నుంచి ఒక బండి, పలాస నుంచి ఒక బండి వస్తాయి. కొండ మీద పిల్లలు ముందు పరుగెడతారు, అమ్మమ్మ, నేను వెనక నడుస్తాం. ఫోను సిగ్నల్ ఒక మలుపులో వస్తుంది, మరో మలుపులో పోతుంది. కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి, భీముడి గుడి ఒకే చోట లేవు, మధ్యలో నడవాలి. పొద్దున్నే మంచు దిగితే పది అడుగుల అవతల ఉన్న మనిషి కనిపించడు. అలాంటప్పుడు ముందున్నవాళ్లు వెనకవాళ్లకు ‘మేం ఇక్కడ ఆగాం’ అని చెప్పగలిగితే చాలు. అంటే మనకు కావలసింది అర కిలోమీటరు, ఎక్కువలో ఎక్కువ ఒక కిలోమీటరు మాట. దీన్ని గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

పెట్టె మీద రాసిన దూరం చూసే మీరందరూ మోజుపడ్డారని నాకు తెలుసు. ‘పది కిలోమీటర్లు’ అన్న అంకె ఊరికే పుట్టలేదు. నిలబడి నోటి దగ్గర సెట్టు పట్టుకుంటే అది నేలకు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి చదునైన నేల మీద చూపు 4 కిలోమీటర్ల పైచిలుకు ఆనుతుంది, ఆ తరువాత భూమి వంపు అడ్డం వస్తుంది. అవతలి మనిషికీ అంతే చూపు ఉంటుంది కనుక రెండూ కలిపితే 8, 9 కిలోమీటర్లు. మధ్యలో చెట్టు, గోడ, గట్టు ఏదీ లేకపోతేనే ఈ లెక్క. అలాంటి చోటు సముద్రం మీద దొరుకుతుంది, మన గజపతి జిల్లాలో దొరకదు.

ఈ సెట్లు వాడే తరంగం పొడవు సుమారు 67 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల పైన కాస్త. ఇంత పొట్టి తరంగం దాదాపు నేరుగానే పోతుంది, కొండను చుట్టి వెనక్కి వెళ్లలేదు. రాయి దాన్ని ఆపేస్తుంది. తడి ఆకులు చాలా వరకు పీల్చేస్తాయి. కోరాపుట్ వైపు గుప్తేశ్వరం వెళ్లినప్పుడు గుహ లోపలి నుంచి శబరి ఒడ్డున ఉన్నవాళ్లను పిలిచి చూడండి, గట్టిగా అరిస్తే వినిపించేటంత దూరంలో ఉన్నా సెట్టులో మాట అందకపోవచ్చు. అదే మహేంద్రగిరి శిఖరం మీద, 1,501 మీటర్ల ఎత్తున, అడ్డేమీ లేని చోట నిలబడితే అర వాటు సెట్టే పెట్టె మీద రాసిన దానికంటే దూరం పలకగలదు. కాబట్టి మాట అందనప్పుడు చేయవలసింది మరింత గట్టిగా అరవడం కాదు. పది అడుగులు పైకి ఎక్కండి, లేదా బండ చాటు నుంచి బయటికి రండి. దూరాన్ని తేల్చేది మీరు నిలబడ్డ చోటు.

ఇక పెద్దవాడు మనసు పడ్డ నల్లటి సెట్టు, పొడుగు యాంటెన్నాది. అయిదు వాట్లు కదా తాతయ్యా, పది రెట్లు బలం కదా అన్నాడు. నిజమే నాన్నా, బలం పది రెట్లే. కానీ దూరం బలంతో సమానంగా పెరగదు. అడ్డులేని ఆరుబయట పది రెట్ల శక్తికి దూరం మూడు రెట్లకు కాస్త పైన పెరుగుతుంది, కొండ అడ్డం వస్తే ఆ లాభమూ ఉండదు. అందుకోసం బరువూ మోయాలి, చట్టాన్నీ దాటాలి. నేను ఒప్పుకోనిది అసలు ఈ రెండోదాన్నే.

చట్టం సంగతి నిదానంగా చెబుతాను. గాలిలో తరంగాలు అందరివీ. పోలీసులు, అగ్నిమాపక దళం, విమానాలు, రైల్వేలు, అటవీ శాఖ ఎవరి తరంగం మీద వాళ్లు మాట్లాడుకోవాలని ప్రభుత్వం పంపకం చేసింది. సామాన్యులు లైసెన్సు లేకుండా చేతి సెట్లతో మాట్లాడుకోవడానికి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ (తరంగం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే కొలత) వరకు ఒక చిన్న ముక్క వదిలింది. తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు మినహాయింపు ఇస్తూ 2018లో వచ్చిన నిబంధనల్లో ఇది ఉంది. మీరు పంపిన నల్ల సెట్టు లేబుల్ మీద 136–174, 400–520 అని ఉంది, నేను ఫోటో పెద్దది చేసి చదివాను. అంటే అది మనకిచ్చిన ముక్కతోపాటు ఇతరులకు కేటాయించిన తరంగాల మీద కూడా మాట్లాడగలదు. బావోఫెంగ్ లాంటి చవక సెట్లు చాలావరకు ఈ రకమే. అభిరుచిగా రేడియో నడిపేవారికి పెట్టే హ్యామ్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు తమకు ఇచ్చిన తరంగాలలో ఇలాంటివి వాడుకుంటారు. అది చక్కని విద్య. చిట్టితల్లికి ఆసక్తి ఉంటే నేనే దగ్గర కూర్చుని నేర్పుతాను. లైసెన్సు లేని చేతిలో మాత్రం ఆ సెట్టు ఉండకూడదు. తెలియక నొక్కిన మీట ఎవరి మాటకు అడ్డం పడుతుందో మీకు తెలియదు. ఆ క్షణంలో అవతల ఒకరు అంబులెన్సును పిలుస్తూ ఉండవచ్చు.

అంగట్లో అమ్ముతున్నారు కదా, అమ్మేదాన్ని కొంటే తప్పేమిటి అనుకోకండి. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి సెట్లు అమ్ముతున్న 13 ఆన్‌లైన్ వేదికలకు నోటీసులు ఇచ్చింది. ఏ తరంగం మీద పనిచేస్తుందో, లైసెన్సు కావాలో వద్దో కొనేవారికి చెప్పకుండా అమ్మడమే ఫిర్యాదు. ఆ తరువాత వాటి అమ్మకానికి మార్గదర్శకాలు కూడా తెచ్చింది. మీరు చూడవలసినవి రెండు: పని చేసే తరంగం 446.0–446.2 మధ్యనే ఉందా, ఈటీఏ సంఖ్య రాశారా. ఈటీఏ అంటే ఆ నమూనాకు టెలికాం శాఖ ఇచ్చే ఆమోద పత్రం. ఈ రెండూ చెప్పలేని అమ్మకందారు ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి.

ఇక మూడో రకం, అమెరికా నుంచి పిన్ని పంపుతానన్న జత కూడా ఇందుకే వద్దు. మంచి సెట్లే, కానీ అక్కడ ప్రజలకు వదిలిన తరంగాలు 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. అక్కడ లైసెన్సు అక్కర్లేనివి ఇక్కడికి రాగానే అక్రమమవుతాయి. పిన్ని నొచ్చుకోకుండా నేను మాట్లాడతాను.

ఇప్పుడు పసుపు సెట్టుకు రండి. బ్యాటరీ సంగతే ముందు చూడండి. లోపల బిగించిన లిథియం బ్యాటరీ రోజంతా వస్తుంది, ఫోను చార్జరుతోనే ఎక్కుతుంది. కానీ కొండ మీద అయిపోతే పవర్ బ్యాంకు తప్ప దారి లేదు. మామూలు పెన్సిల్ సెల్సు వేసుకునేదైతే ఏ కిరాణా కొట్లోనైనా సెల్సు దొరుకుతాయి. మన కుటుంబానికి రెండోదే మేలని నా అభిప్రాయం. తిరిగి చార్జి చేసుకునే సెల్సు ఒక జత వేసి, కొత్త సెల్సు ఒక జత సంచిలో పెట్టుకోండి. సెట్టు వింటున్నప్పుడు తక్కువ తాగుతుంది, మాట్లాడుతున్నప్పుడు ఎక్కువ తాగుతుంది. ఆటకు గంటల తరబడి కబుర్లు చెప్పుకుంటే అవసరానికి ఖాళీ అవుతుంది.

నీటికి ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులకు తట్టుకుంటుంది, నీళ్లలో మునిగితే తట్టుకోదు. ఐపీ67 అయితే కాసేపు మునిగినా బతుకుతుంది, ధర ఎక్కువ. మనం వెళ్లేది జలపాతానికి కాదు కాబట్టి మొదటిది చాలు. రంగు పసుపు కావడం నాకు నచ్చింది. గడ్డిలో పడితే కనిపిస్తుంది.

కొనే ముందు మాట్లాడడానికి నొక్కే మీట నొక్కి చూడండి. చిన్నది తన బొటనవేలితో పూర్తిగా నొక్కి, మాట అయ్యేదాకా పట్టుకోగలగాలి. కొన్ని చవక సెట్లలో ఆ మీట రబ్బరు కింద లోతుగా ఉంటుంది. పిల్లలు నొక్కామనుకుంటారు, సగం మాట పోతుంది. దుకాణంలో నేను ఎవరికైనా మొదట చూపించేది ఇదే. మీట నొక్కకుండానే గొంతు వినిపిస్తే దానంతట అదే మొదలయ్యే వీఓఎక్స్ సదుపాయం గొప్పగా చెబుతారు. దాన్ని ఆపేయండి. గాలి వీచినా, దగ్గినా అది మాట అనుకుంటుంది.

ఛానెళ్లు పదహారు ఉండవచ్చు, వాటికి తోడు ముప్పై ఎనిమిది కోడ్‌లు ఉండవచ్చు. కోడ్ పెడితే ఇతరులకు మన మాట వినపడదని మీ బాబాయి చెప్పాడట. అది సరి కాదు. కోడ్ మన సెట్టులో ఇతరుల మాటలను మూసేస్తుంది, అంతే. మన మాటను ఎవరైనా వినవచ్చు. అందుకని ఇంటి చిరునామా, ఎవరు ఒంటరిగా ఉన్నారు, డబ్బు ఎక్కడ ఉంది లాంటివి సెట్టులో చెప్పకండి. శివరాత్రి జనంలో అయితే కోడ్ పనికొస్తుంది, పక్క కుటుంబం గోల మనకు తగ్గుతుంది. సెట్లన్నిటిలో ఛానెల్, కోడ్ రెండూ ఒకటే ఉండాలి. పెట్టాక కీ లాక్ వేయండి. జేబులో ఛానెల్ మారిపోయి ‘తాతయ్య పలకడం లేదు’ అని భయపడడం కంటే ఇది సులువు.

మాట్లాడే పద్ధతి చెబుతాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. సెట్టును నిలువుగా పట్టుకోండి. ఒకరిది నిలువుగా, ఒకరిది అడ్డంగా ఉంటే మాట పలచబడుతుంది. యాంటెన్నాను చేత్తో పట్టుకోకండి. నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, మీట నొక్కి, మనసులో ‘ఒకటి’ అనుకుని అప్పుడు మొదలుపెట్టండి, లేకపోతే మొదటి అక్షరం పోతుంది. ముందు పిలిచేవారి పేరు, తరువాత మీ పేరు, ఎక్కడ ఉన్నారో, ఎంతమంది ఉన్నారో. ఇలా:

‘అమ్మమ్మా, చిన్నదాన్ని. కుంతి గుడి ముందు ఉన్నాం. నలుగురం. ఓవర్.’

‘విన్నాను. కుంతి గుడి ముందు, నలుగురు. అక్కడే ఉండండి. ఓవర్.’

విన్నదాన్ని అమ్మమ్మ తిరిగి చెప్పింది చూశారా? తిరిగి చెప్పకపోతే అందిందో లేదో తెలియదు. ఒకరు నొక్కి ఉంచినంతసేపు రెండోవారి మాట రాదు కాబట్టి ‘ఓవర్’ అని వదిలేయాలి. ‘ఇక్కడే ఉన్నాం’ అనకండి, ‘ఇక్కడ’ ఎక్కడో అవతలివారికి తెలియదు. గుడి, బండ, మలుపు, ఏదో ఒకటి పేరు పెట్టి చెప్పండి. సరిగా వినిపించకపోతే నిలబడ్డ చోటే మెల్లగా చుట్టూ తిరగండి. మన ఒళ్లు కూడా తరంగానికి అడ్డమే. వీపు అవతలివారి వైపు ఉంటే ఒకలా, ముఖం ఉంటే ఒకలా వినిపిస్తుంది.

ఈ సెట్లు పోలీసులకు గానీ, అటవీ సిబ్బందికి గానీ వినిపించవు. ఆపద వస్తే ఫోనులో 112. మీ సిమ్ కంపెనీ సిగ్నల్ లేకపోయినా అక్కడ ఏ కంపెనీ సిగ్నల్ ఉన్నా ఆ పిలుపు పోతుంది. ఏ గుంపులోనూ పెద్దవారు లేకుండా పిల్లలు ఉండకూడదు, చేతిలో సెట్టు ఉంది కదా అని అసలు ఉండకూడదు. ఎవరైనా తప్పిపోతే ఉన్నచోటే ఆగాలి. వెతికేవాళ్లే ఎత్తుకు ఎక్కి పిలుస్తారు. లఖారి లోయ అభయారణ్యం మన జిల్లాలోదే, అక్కడ ఏనుగులున్నాయి. అటు మంద తిరుగుతోందని అటవీ సిబ్బంది చెబితే ప్రయాణమే మరో రోజుకు మార్చుకుందాం.

సెట్లు రాగానే ఒక ఆదివారం ఇక్కడికి రండి. ఒకరు మన డాబా మీద ఉంటారు, మిగిలినవాళ్లు మహేంద్రతనయ ఒడ్డు వైపు నడుస్తూ మాట్లాడతారు. మాట ఎక్కడ సన్నబడిందో, ఏ వీధిలో పూర్తిగా పోయిందో కాగితం మీద రాసుకుందాం. ఊళ్లో ఎంత దూరం పలికాయో చూస్తే కొండ మీద ఎంత ఆశించాలో మీకే తెలుస్తుంది.

డబ్బు కట్టే ముందు పసుపు సెట్టు వెనక లేబుల్ ఫోటో నాకు పంపండి. బ్యాటరీ మూత తీసి తీయండి, తరంగం, ఈటీఏ సంఖ్య ఒక్కోసారి ఆ మూత కిందే ఉంటాయి. అక్షరాలు చిన్నవి, వెలుతురులో తీయండి.

ఇట్లు,
మీ తాతయ్య