250 మీటర్ల గీతకు అందని బుగ్గలు

నాపరాతి గనికి కొత్తగా అనుమతి ఇస్తారన్న మాట వినపడితే చాలు, కడప, అనంతపురం, పాత కర్నూలు జిల్లాల సున్నపురాతి పల్లెల్లో బుగ్గల, అంటే నేలలోంచి ఉబికే ఊటల, తగాదా మళ్లీ రాజుకుంటుంది. గని లోతుకు పోయే కొద్దీ ఊట సన్నగిల్లుతోందని ఊరివాళ్లు అంటారు. బుగ్గను ఎండబెట్టింది మీ బోర్లే కదా అని గనుల యజమానులు అంటారు.

యాగంటిలో కాకులు ఎందుకు వాలవో, అగస్త్యుడు ఎందుకు శపించాడో ఈ వైపు చిన్నపిల్లలకూ తెలుసు. ఆ కథల జోలికి పోవడం లేదు. ఇప్పటి తగాదా అర్థం కావాలంటే 2015 నవంబరుకు వెళ్లాలి.

ఆ నెల కడప జిల్లాలో వానలు విడవకుండా కురిశాయి. కరవుతో మొహం వాచిన రైతులు చెరువుల్లో నీళ్లు చూసి సంతోషించేలోపే చింతకొమ్మదిన్నె మండలంలో నేల కుంగడం మొదలైంది. నాయనోరిపల్లె, బుగ్గమల్లేపల్లె వైపు పొలాల్లో గుండ్రటి గుంతలు పడ్డాయి. ఎవరో కొలత పెట్టి తవ్వినట్టు నిలువు అంచులు, లోపల జారుతున్న ఎర్రమట్టి. నిన్నటిదాకా అరక నడిచిన చోట కాలు పెట్టడానికి జనం జంకారు. ఊరి పేరులోనే బుగ్గ ఉన్న చోట ఇలా జరగడం కాకతాళీయం కాదని నేను నమ్ముతాను.

శాస్త్రవేత్తలు చెప్పిన కారణం సూటిగానే ఉంది. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. సున్నపురాతి నెర్రెల్లోకి దిగి, వేల ఏళ్లలో రాతిని కరిగించి దారులు చేసుకుంటుంది. ఆ దారి ఎక్కడో ఒకచోట నేల మీదికి తెరుచుకుంటే అది బుగ్గ. లోపల నీళ్లు నిండుగా ఉన్నన్నాళ్లూ అవి పైకప్పుకు ఆనుడుగా ఉంటాయి. బోర్లతో తోడేస్తే ఆ ఆనుడు పోతుంది. ఆ తరువాత ఒక్కసారిగా పెద్ద వాన పడితే మట్టి కింది బిలాల్లోకి జారిపోయి నేల కుంగుతుంది.

గనుల యజమానులు పట్టుకున్నది ఈ బోర్ల మాటనే. అందులో నిజం ఉంది. అయితే ఊరివాళ్ల మాట అక్కడితో ఆగదు. బావులు ఎండితేనే బోరుకు వెళ్లామంటారు, అప్పు చేసి వేసిన బోరు ఎండితే దాని పక్కనే ఇంకొకటి వేశామంటారు. పలకలు కోయడానికి గనిలో ఊరిన నీటిని రేయింబవళ్లు బయటికి తోడిపోయడం మాటేమిటని అడుగుతారు. బోరు తోడినా గని మోటారు తోడినా నేల కింద ఖాళీ అయ్యేది ఆ దారులే. రైతు తోడిన నీటితో పంట పండింది. గనిలోంచి తోడిన నీరు చాలాసార్లు వాగు పాలవుతుంది. ఈ తేడా అనుమతి కాగితాల్లో కనిపించదు.

అసలు మలుపు 2015 కన్నా ముందే, 2002లో ఉంది. ఆ ఏడాది నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలని అది చెబుతుంది. పాత కర్నూలు జిల్లాలోని సున్నపురాతి బెలుం గుహలను పర్యాటకులకు తెరిచిందీ అదే ఏడాది. పొలాల మధ్య బావిలాంటి గోతిలోకి మెట్లు దిగితే, నీరు తొలిచిన దారి కనిపిస్తుంది, దాని మొత్తం పొడవు 3,229 మీటర్లు. గోడ మీద చేయి పెడితే ప్రవాహం నునుపు చేసిన వంపులు వేళ్లకు తగులుతాయి. అన్నిటికన్నా లోతున, సుమారు 46 మీటర్ల కింద, పాతాళగంగ ఉంది. సన్నటి ఆ ధార ఏడాది పొడుగునా పారి రాతిలోకి మాయమవుతుంది. రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం ఊరి బావిలో అది తేలుతుందని అక్కడివారి నమ్మకం.

ఆ నమ్మకం ముందు 250 మీటర్ల గీతను పెట్టి చూడండి. గట్టి నల్లరాతి నేలలో ఆ దూరానికి అర్థం ఉండవచ్చు. సున్నపురాతిలో నీరు గుండ్రంగా గీసిన గీతను పట్టించుకోదు, నెర్రె ఎటు పోతే అటే పోతుంది. బుగ్గకు కిలోమీటరు అవతల ఉన్న గని దాని దారిని కోయవచ్చు. పక్కనే ఉన్న బోరుకు ఆ దారితో సంబంధమే లేకపోవచ్చు.

ఏ బుగ్గకు నీరు ఎటు నుంచి వస్తుందో తేల్చడం అసాధ్యమేమీ కాదు. హాని చేయని రంగును ఒకచోట నీటిలో కలిపి, ఊట దగ్గర ఎప్పుడు తేలుతుందో చూసే పద్ధతి సున్నపురాతి ప్రాంతాలున్న దేశాల్లో ఎప్పటి నుంచో ఉంది. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గర్భగుడిలో లింగం ఊట నీటిలోనే ఉంటుంది. ఆలయం కట్టి 500 ఏళ్లు దాటింది. అలాంటి ఊట దారిని పటం మీద గీసి, గని అనుమతికి ముందు ఆ పటాన్ని ఊరి ముందు పెట్టాలన్నది గ్రామస్థుల వాదన. దానికి జవాబుగా ఈసారి కూడా బోర్ల లెక్కే వినిపిస్తోంది.