మందు అలవాటు గురించి ఓపీలో అడగడం: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లా పల్లెల్లో పీహెచ్‌సీ డాక్టర్లు, నర్సుల నుంచి నేను తరచూ వినే మాటలివి.

అపోహ: తాగుడు గురించి అడిగితే పేషెంట్లు నొచ్చుకుంటారు.
నలుగురిలో "తాగుతావా?" అంటే ఎవరైనా "లేదు సార్" అనే అంటారు. బీపీ చూస్తూ, బీడీల గురించి అడిగినంత మామూలుగా అడగండి: వారంలో ఎన్ని రోజులు? కూర్చుంటే ఎంత? రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లు కూడా దాచకుండా చెప్తారు. సారా అమ్మకాలు ఆపాలని దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు వీధిలోకొచ్చి మాట్లాడిన జిల్లా ఇది. గదిలో కూర్చుని మనం అడగలేమా?

అపోహ: రోజూ తాగి పడిపోయేవాళ్లకే ప్రమాదం.
ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. "శనివారం ఒక్క క్వార్టరే సార్" అంటారు. మన లెక్కలో ఒక డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్, అంటే సుమారు 30 మి.లీ. విస్కీ. క్వార్టర్ 180 మి.లీ., అంటే ఆరు డ్రింకులు, 60 గ్రాములు. ఒక్క విడతలో అంత తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కిందే లెక్కేస్తుంది. పెద్ద స్ట్రాంగ్ బీరులోనూ సుమారు నాలుగు డ్రింకులుంటాయి. మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగకపోతే ఈ లెక్క తప్పకుండా అడగాలి. అనుమానముంటే తాగుడు ఎంత ప్రమాదంగా ఉందో కొలిచే ఆడిట్ (AUDIT) ప్రశ్నలు పది అడగండి. 40 మార్కులకి 8 లేదా ఆపైన వస్తే మాట్లాడాలి, 20 లేదా ఆపైన వస్తే పెద్దాసుపత్రికి పంపాలి.

అపోహ: మనం చెప్తే మానతారా?
బానిస కానివాళ్లలో ఐదు పది నిమిషాల మాటతోనే కొంతమంది తగ్గిస్తారు. తిట్టొద్దు. "మీ బీపీకి, తాగుడుకి సంబంధముంది. ఎంతవరకు తగ్గించగలరు?" అని ఆయన నోటే చెప్పించి, చీటీలో రాసి, మళ్లీ వచ్చినప్పుడు అడగండి.

అపోహ: గట్టిగా అనుకుంటే ఈరోజే మానేయొచ్చు.
రోజూ బాగా తాగేవాళ్లు మాల వేసుకుని ఒక్కసారిగా ఆపితే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పొచ్చు. ప్రాణం పోవచ్చు కూడా. ఇలాంటివాళ్లను ఆసుపత్రిలోనే మాన్పించాలి. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయామిన్ (విటమిన్ బి1) ఇవ్వడం మరిచిపోవద్దు.

అపోహ: కూరలో మానిపించే మాత్ర కలిపేస్తే చాలు.
ఆ మాత్ర (డైసల్ఫిరామ్) కలిపారని తెలియక మందు తాగితే బీపీ పడిపోయి చనిపోవచ్చు. అలా కలుపుతున్న భార్యను కసరొద్దు, కూర్చోబెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి (14416) ఫోన్ చేయించండి. తెలుగులోనే మాట్లాడతారు.