“ముందు ఇల్లు కానియ్యండి, చల్లదనం సంగతి తర్వాత” - అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో మాది చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసు. ఎండ, గాలి, వాన లెక్క చూసుకుని ఇండ్లు గీస్తాం. అది తెలిసి వచ్చినవాళ్లు కూడా కూర్చోగానే అనే మాట ఒకటే: “ముందు ఇల్లు కానియ్యండి మేడం, ఆ గ్రీన్ సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడంత బడ్జెట్ లేదు.”

అపోహలు చాలానే ఉన్నాయి కానీ ఎక్కువగా దీని గురించే రాస్తాను. జనం జేబుకు అన్నిటికన్నా పెద్ద చిల్లు పెడుతున్నది ఇదే.

అపోహ: గ్రీన్ అంటే చివర్లో డబ్బులు మిగిలితే కొనుక్కొచ్చి బిగించే సామాను. సోలార్ ప్యానెళ్లు, ఖరీదైన గ్లాసు, కూల్ పెయింటు.

వాస్తవం: మీ ఇల్లు మే నెలలో ఎంత కాగుతుందన్నది చాలావరకు ప్లాన్ కాగితం మీదే తేలిపోతుంది. మెట్లు ఏ వైపు, బాత్రూం ఏ గోడకు, కిటికీ ఏ దిక్కున, సజ్జ ఎన్ని అడుగులు. గీసేటప్పుడు వీటిని మార్చడానికి పైసా ఖర్చు లేదు. స్లాబు పడ్డాక ఒక్కటి మార్చాలన్నా పగలగొట్టాల్సిందే. “తర్వాత చూద్దాం” అంటే ఉచితంగా వచ్చేదాన్ని వదిలేసి, అదే చల్లదనాన్ని నెలనెలా కరెంటు బిల్లులో కొనుక్కోవడం.

వరంగల్ ఉన్నది దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. ఆ ఎండంతా పడేది స్లాబు మీద, దక్షిణం గోడ మీద కాదు. “దక్షిణం కిటికీ వద్దు, ఎండ కొడుతుంది” అని భయపడేవాళ్లు ఇది గమనించాలి. పైన రెండడుగుల సజ్జ ఉంటే మే నెల మధ్యాహ్నపు ఎండ ఆ కిటికీని తాకదు. డిసెంబరులో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు కూడా దాటడు కాబట్టి చలికాలంలో మాత్రం అదే కిటికీలోంచి కాస్త వెచ్చదనం వస్తుంది.

అసలు ఇబ్బంది పడమరతో. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 35 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. పడమర గోడకు నాలుగడుగుల కిటికీ పెట్టి రెండడుగుల సజ్జ పోస్తే, ఆ టైంలో నీడ వచ్చేది పైనున్న అడుగున్నర లోపే. ఐదింటికి ముప్పావు అడుగు. మిగతా గ్లాసంతా ఎండే. అందుకే పడమరకు కావాల్సింది సజ్జ కాదు, నిలువు అడ్డం. జాలీ గోడ, నిలువు ఫిన్నులు (గోడలోంచి బయటికి పొడుచుకొచ్చే నిలువు పలకలు), వేపచెట్టో కానుగచెట్టో. ఇవేవీ కుదరకపోతే అటు కిటికీ చిన్నది చేయడం.

మరి మన ఇండ్లలో జరుగుతున్నదేంటి? వాస్తు ప్రకారం మాస్టర్ బెడ్‌రూం నైరుతిలో వస్తుంది. ఆ గదికే పడమర వైపు పెద్ద స్లైడింగ్ కిటికీ పెడతారు, దాని మీద బరువైన కర్టెన్ వేస్తారు. గ్లాసు దాటి వచ్చిన ఎండ కర్టెన్‌కు తగిలే సరికే గదిలోకి వచ్చేసినట్టు. రాత్రి పడుకోబోయే ముందు ఆ గోడకు చెయ్యి ఆనించి చూడండి, తెలుస్తుంది.

సింగరేణిలో రిటైరైన ఒక పెద్దాయన మా దగ్గరికి భూపాలపల్లి నుంచి వచ్చారు. రిటైర్మెంట్ డబ్బులతో ఇక్కడ రెండు వందల గజాలు కొన్నారు. పడమర ముఖం ప్లాటు. చుట్టాలంతా “కొలిమి కొన్నవ్” అని ఆయన్ని బెదరగొట్టేశారు. ఎవరో గీసిచ్చిన ప్లాన్ చేతిలో పట్టుకుని, “బిడ్డా, రెండు ఏసీలు పెట్టుకుంటం తియ్యి, ఇంకేం జేస్తం” అన్నారు. ఆ మాటలో కోపం కన్నా దిగులే ఎక్కువ ఉంది. జీవితమంతా బొగ్గు బాయిలో పనిచేసి కట్టుకుంటున్న ఇల్లు అది. నైరుతి గదిని నైరుతిలోనే ఉంచాం. ఆగ్నేయంలో ఉన్న మెట్లను పడమరకు జరిపాం. పడమరలో మెట్లకు వాస్తు చెప్పిన ఆయనా అభ్యంతరం పెట్టలేదు. ఆ గది పడమర గోడలో మెట్లు ఆనని భాగానికి నిలువునా వార్డ్‌రోబ్ పెట్టి, కిటికీని దక్షిణానికి తిప్పాం. కట్టే విస్తీర్ణం ఒక్క అడుగు పెరగలేదు. “గిదంత మొదాలే జెయ్యొచ్చా?” అని అడిగారు. మొదలే చెయ్యాలి బాపూ, తర్వాత కుదరదు అని చెప్పాను. చివరికి ఒక్క గదికే ఏసీ పాయింట్ పెట్టించుకున్నారు.

బిల్లు లెక్క కూడా చెప్పాలి. టన్నున్నర ఏసీ రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే సుమారు ఎనిమిది నుంచి పది యూనిట్లు కాలుతుంది. నెలకు 240 నుంచి 300. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేది 200 యూనిట్ల వరకే, ఏ నెల 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఆ పథకంలో ఉన్న ఇంటికి ఒక్క కాగే గది ఎంత భారమో చూడండి.

అపోహ: పైన ఇంకో అంతస్తు వేస్తాం కదా, ఇప్పుడు పైకప్పు గురించి ఎందుకు?

పిల్లర్ల మీద రాడ్లు వదిలేసి, ఆ పై అంతస్తు కోసం ఏండ్ల తరబడి ఎదురుచూస్తూ ఉత్త స్లాబు కింద బతుకుతున్న కుటుంబాలు మన కాలనీల్లో వీధికొకటి కనిపిస్తాయి. పగలంతా పెనంలా కాలిన స్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకి దింపుతుంది. ఇండ్ల కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు యూ-విలువ (వేడిని ఎంత లోపలికి పంపుతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 1.2 దాటకూడదు. మామూలు ఐదంగుళాల స్లాబుది దానికి దాదాపు మూడింతలు. ఇన్సులేషన్‌కు ఇప్పుడు డబ్బు లేకపోతే కనీసం ఏటా మార్చిలో సున్నం కొట్టండి. ఉంటే తెల్లటి పెంకు ముక్కలతో చైనా మొజాయిక్ వేయించండి. తెలంగాణ కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టే పైకప్పు) పాలసీ 2023లో వచ్చింది. 600 గజాలు, అంతకు మించిన ప్లాట్లలో కట్టే ఇండ్లకు కూల్ రూఫ్ తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. ఐచ్ఛికమంటే అవసరం లేదని కాదు. చిన్న ఇంట్లో స్లాబు కిందే అందరూ పడుకుంటారు, అవసరం వాళ్లకే ఎక్కువ.

అలాగని “పెయింట్ వేస్తే పదిహేను డిగ్రీలు తగ్గుద్ది” అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు నమ్మకండి. స్లాబు పైభాగం వేడి బాగానే తగ్గుతుంది, కానీ గదిలో మీకు తెలిసే తేడా రెండు నుంచి ఐదు డిగ్రీల మధ్య. అది కూడా తెలుపు తెల్లగా ఉన్నంత వరకే. దుమ్ము పడితే కడగాలి.

మిగతావి త్వరగా చెప్తాను.

కిటికీలు ఎంత పెద్దగా ఉంటే అంత చల్లదనం అన్నది తప్పు. బయట 43 డిగ్రీలున్నప్పుడు కిటికీ తెరిస్తే లోపలికొచ్చేది వడగాలి. పొద్దున తొమ్మిదికల్లా మూసి, రాత్రి చల్లబడ్డాక తెరవాలి. రెండు రెక్కల స్లైడింగ్ సగమే తెరుచుకుంటుంది, పాత పద్ధతి రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది. రాత్రి గాలికి అదే మేలు.

బూడిద ఇటుకలకు బలం ఉండదంటారు. చెల్పూరు, రామగుండం థర్మల్ ప్లాంట్ల బూడిద మన దగ్గరే ఉంది, దాంతో చేసిన ఇటుక మంచిదే. క్యూరింగ్ సరిగ్గా చేయని చోట కొంటే రాలిపోతుంది. కొనేముందు రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి చూడండి, ఖంగుమనాలి.

సోలార్ పెడితే ఇల్లు చల్లబడుతుందా అని అడుగుతారు. సోలార్ పని కరెంటు ఇవ్వడం. ప్యానెళ్ల కింద స్లాబుకు కొంత నీడ దొరుకుతుంది, అంతే. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, తప్పక వాడుకోండి. కాకపోతే ముందు ఇంటి వేడి తగ్గించుకుంటే చిన్న సిస్టమే సరిపోతుంది.

ఇంటి చుట్టూ టైల్స్ వేస్తే శుభ్రంగా ఉంటుందని ఖాళీ జాగానంతా కప్పేస్తున్నారు. 2020 ఆగస్టులో హనుమకొండలోని నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునగడం మనమంతా చూశాం. నాలుగు అడుగుల మట్టి వదలండి, ఇంకుడు గుంతను పర్మిషన్ కాగితం కోసం కాకుండా నిజంగా తవ్వించండి.

ఇదంతా చదివి, ఇప్పటికే ఇల్లు కట్టేసుకున్నవాళ్లు టెన్షన్ పడొద్దు. ఈ ఎండాకాలానికి ఇలా చేయండి. పడమర కిటికీకి లోపల కర్టెన్ కాకుండా బయట వెదురు తడిక వేలాడదీయండి. స్లాబుకు సున్నం కొట్టండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు, పాడైనప్పుడల్లా ఒక్కొక్కటి మార్చుకుంటూ రండి. ఏప్రిల్, మే పొడి ఎండలకు కూలర్ బాగా పనిచేస్తుంది. గది తలుపులు బిగించి కాదు, ఒక కిటికీ కాస్త తెరిచి పెట్టాలి.

కట్టబోయేవాళ్లు మాత్రం ప్లాన్ పర్మిషన్‌కు పెట్టకముందే ఎవరో ఒక ఆర్కిటెక్ట్‌కు చూపించండి, మాకే చూపించమని కాదు. వెళ్లేటప్పుడు ప్లాటు కొలతలు, ఉత్తరం దిక్కు గుర్తు, పక్కిండ్లు ఎన్ని అంతస్తులో రాసుకున్న కాగితం, ఇప్పుడుంటున్న ఇంటి ఏప్రిల్, మే కరెంటు బిల్లులు పట్టుకెళ్లండి.