గ్రీన్ మ్యాట్‌లో మాస్క్: అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో పెళ్లి వీడియోలు, జానపద పాటలు మిక్సింగ్ చేస్తుంటాను. గ్రీన్ మ్యాట్ షాట్లు, అంటే వెనక పచ్చ గుడ్డ కట్టి తీసినవి, తెచ్చేవాళ్ల దగ్గర తరచూ వినే మాటలివి. ఆ పచ్చను సాఫ్ట్‌వేర్‌తో మాయం చేయడం కీ, ఫ్రేములో కొంత భాగం చుట్టూ గీత గీసి వేరు చేయడం మాస్క్.

అపోహ: కీ బాగా వస్తే మాస్క్ అక్కర్లేదు.
వాస్తవం: కీ అవసరం నిజంగా మనిషి అంచు దగ్గరే. ఫ్రేములో పడ్డ లైట్ స్టాండ్‌ను, గుడ్డ మడతలను, చీకటి మూలలను కూడా కీతోనే పోగొట్టాలని సెట్టింగ్ పెంచితే ముందు జుట్టు పోతుంది. మనిషి చుట్టూ కాస్త ఎడంగా మాస్క్ గీసి బయటిదంతా తీసేయండి. డాన్స్ షాటైతే చేతులు గీత దాటకుండా కీఫ్రేములు (ఏ క్షణంలో గీత ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెట్టాలి.

అపోహ: మాస్క్ ఎక్కడ గీసినా ఒకటే.
వాస్తవం: ప్రీమియర్ ప్రో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అల్ట్రా కీ (పచ్చను తీసే ఎఫెక్ట్) కింద గీస్తే కీ ఆ గీత లోపలే పనిచేస్తుంది, బయట పచ్చ అలాగే మిగులుతుంది. బయటిది పోవాలంటే ఒపాసిటీ (క్లిప్ ఎంత కనిపించాలో చెప్పే సెట్టింగ్) కింద గీయాలి.

అపోహ: పచ్చ రంగు ఒంటి మీద ఉంటే ఆ షాట్ పోయినట్టే.
వాస్తవం: ఒకసారి బతుకమ్మ పాటకు తీసిన షాట్‌లో తంగేడు పూలు నిలిచాయి, కింద పరిచిన గుమ్మడాకులు మాయమయ్యాయి. గద్వాల చీరకు పచ్చ అంచున్నా ఇదే టెన్షన్. అదే క్లిప్‌ను కాపీ చేసి పైన పెట్టి, దానికి కీ తీసేసి, చీర లోపలి భాగం వరకే మాస్క్ గీసి ఫెదర్ ఇస్తే (గీత అంచును మెత్తగా చేస్తే) రంగు తిరిగి వస్తుంది. పైన పెట్టిన ఆ కాపీకి స్పిల్ సప్రెషన్ (ఒంటి మీద పడ్డ పచ్చ ఛాయను తగ్గించే సెట్టింగ్) వేయకండి, అసలు పచ్చే వెలిసిపోతుంది. ఆ చీర రంగు ఆ ఇంటివాళ్లకు జ్ఞాపకం, దాన్ని మార్చే హక్కు మనకు లేదు. అయితే పచ్చ కొంగు గాలికి ఎగిరి మ్యాట్ మీదికి వెళ్లిందా, ఫ్రేము ఫ్రేముకూ చేత్తో గీయాల్సిందే. చీర ముందే తెలిస్తే బ్లూ మ్యాట్ కట్టించండి.

అపోహ: 4కెలో తీస్తే అంచులు వాటంతటవే శుభ్రంగా వస్తాయి.
వాస్తవం: చాలా మొబైళ్లు 4:2:0లో రికార్డు చేస్తాయి. అంటే నాలుగు పిక్సెళ్లకు కలిపి రంగు సమాచారం ఒక్కటే. 3840×2160 ఫ్రేములో రంగు 1920×1080 వరకే ఉంటుంది. అందుకే 4కెలో కీ చేసి 1080కి తగ్గిస్తే అంచు మెరుగ్గా కనిపిస్తుంది. మ్యాట్‌కు ఆనుకుని నిలబెడితే మాత్రం చెంపల మీద పడ్డ పచ్చ నీడను ఏ మాస్కూ తీయలేదు. ఆరడుగులైనా ముందుకు నిలబెట్టి, మ్యాట్‌కు విడిగా లైట్లు వేయండి.