జినాన్ శ్రుతి ఎక్కడ మారింది?

మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్-రే తీస్తే పెద్దగా ఏమీ కనబడదు. ఆస్తమా ఏమోనని ఇన్‌హేలర్ ఇస్తారు, కొందరికి టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపేస్తారు. ఊపిరితిత్తుల ధమనుల్లో బీపీ పెరిగినవాళ్లలో చాలామందికి జబ్బు పేరు తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఖాయంగా తేల్చాలంటే మెడ నుంచో తొడ నుంచో సన్నటి గొట్టాన్ని గుండె కుడివైపు గుండా పంపి ఒత్తిడి కొలవాలి. సగటు ఒత్తిడి 20 మిల్లీమీటర్లు (పాదరసం లెక్కలో) దాటితే జబ్బున్నట్టే.

అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ సంగతిని పీల్చే వాయువుతో రాబట్టాలని చూస్తున్నారు. వాయువు పేరు జినాన్. 1898లో రామ్సే, ట్రావర్స్ కనిపెట్టారు. మామూలుగా ఎమ్మారైకి అందదు. రుబీడియం ఆవిరి, లేజర్ సాయంతో దాని కేంద్రకాలను ఒకే దిక్కుకు తిప్పితే సిగ్నల్ వేల రెట్లు పెరుగుతుంది. రోగి దాన్ని సంచీలోంచి పీల్చి, పది పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టాలి. తల కాస్త తేలిపోయినట్టు ఉండొచ్చు, జినాన్‌కి మత్తుమందు గుణం ఉంది మరి.

ఆ కాసేపట్లోనే కొంత జినాన్ గాలిగదుల పలచటి పొరలోకి, అక్కణ్నుంచి ఎర్రకణాల్లోకి కరుగుతుంది. చోటు మారితే దాని సిగ్నల్ శ్రుతి, అంటే ఫ్రీక్వెన్సీ, మారుతుంది. గాలిలో ఉన్నప్పటి శ్రుతిని సున్నా అనుకుంటే పొరలో సుమారు 197, ఎర్రకణాల్లో 218 (పది లక్షల్లో వంతులు). అలా ఏ చోట ఎంతుందో విడదీయొచ్చు. గాలి, పొర మామూలుగా ఉండి ఎర్రకణాల సిగ్నల్ ఒక్కటే తగ్గితే అనుమానం రక్తనాళాల మీదికి పోతుంది. రక్తహీనత ఉన్నా ఇది తగ్గుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన దేశంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువే, ఇక్కడ చేస్తే ఆ సవరణ మరీ ముఖ్యం.

నాకు బాగా నచ్చింది మాత్రం ఊపు. గుండె కొట్టుకున్నప్పుడల్లా కేశనాళికల్లో రక్తం కాస్త పొంగి తగ్గుతుంది, దాంతోపాటే ఎర్రకణాల సిగ్నలూ ఊగుతుంది. ముందున్న ధమనులు బిగుసుకుపోతే ఆ అల సరిగా చేరక ఊపు తగ్గుతుంది. ఎడమ గుండె బలహీనపడి ఒత్తిడి వెనక్కి తన్నినవాళ్లలో ఊపు పెరగడం గమనించారు. బయటికి రెండూ ఆయాసమే, వైద్యం మాత్రం వేరు.

2022 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జినాన్‌కు ఇచ్చిన తొలి అనుమతి, గాలి ఎక్కడెక్కడికి చేరుతోందో చూడటానికే. పైగా ఎమ్మారై ఒక్కటుంటే సరిపోదు. వాయువును సిద్ధం చేసే యంత్రం దగ్గర్లోనే ఉండాలి, జినాన్ శ్రుతిని పట్టే కాయిల్‌ను రోగి ఛాతీకి చుట్టాలి. ఇవి ఉన్నచోట కూడా రోగనిర్ధారణకు ఇంకా గొట్టం పరీక్షనే నమ్ముతారు.