సరదాకి ఆడే కార్డులాట: నా కొట్లో రోజూ వినే అపోహలు, నేను చెప్పే వాస్తవాలు

మాది పర్లాకిమిడిలో పుస్తకాలు, స్టేషనరీ అమ్మే కొట్టు. ఆదివారం మధ్యాహ్నాలు వెనక గదిలో బల్లలు వేసి పోకెమాన్, మ్యాజిక్ లాంటి కార్డులాటలు ఆడిస్తుంటాను. ఊళ్లో పిల్లలే కాక పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి కూడా వస్తారు. పోటీ ఉండదు, ప్రైజులుండవు, ఆడినందుకు ఎవరి దగ్గరా రూపాయి తీసుకోను. ఇన్నాళ్లుగా తల్లిదండ్రుల నోట, కొత్తగా వచ్చే కుర్రాళ్ల నోట అవే మాటలు మళ్లీ మళ్లీ వింటున్నాను. వాటిలో కొన్ని భయాలకి కారణం ఉంది. అయితే జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటి, మనవాళ్లు కంగారుపడే చోటు ఇంకొకటి.

ఈ ఆటలు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పేకలో అందరం ఒకే కట్ట నుంచి పంచుకుంటాం. ఇక్కడ ఎవరి కట్ట వాళ్లదే, దాన్ని డెక్ అంటారు. వేల రకాల కార్డుల్లోంచి నచ్చినవి ఏరుకుని ఎవరికి వాళ్లు కూర్చుకుంటారు. పోకెమాన్‌లో డెక్‌కి 60 కార్డులు. మొదట చేతిలోకి 7 తీసుకుని, 6 కార్డుల్ని ప్రైజ్ కార్డులుగా బోర్లించి పక్కన పెడతారు. ఎదుటివాళ్ల పోకెమాన్‌ని (కార్డు మీది ప్రాణిని) ఓడించినప్పుడల్లా వాటిలోంచి తీసుకుంటారు, ముందుగా అన్నీ తీసుకున్నవాళ్లు గెలిచినట్టు. మ్యాజిక్‌లో మామూలుగా 60కి తగ్గకూడదు, ఒక్కొక్కరికీ 20 ప్రాణాలు. ఏ కార్డు ఏం చేస్తుందో ఆ కార్డు మీదే రాసి ఉంటుంది.

అపోహ: "కార్డులంటే పేకాటే కదండీ. ఇవాళ పోకెమాన్, రేపు మూడు ముక్కలాట."

ఈ మాటన్న తల్లిని నేను తప్పుపట్టను. పేకాటలో పొలాలు పోగొట్టుకున్న ఇళ్లు మన వైపు అందరికీ తెలుసు. కాకపోతే జూదం ముక్కల్లో లేదు, పందెంలో ఉంది. రమ్మీ ప్రధానంగా నేర్పు మీద నడిచే ఆట అని సుప్రీంకోర్టు 1960ల్లోనే, అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో, చెప్పింది. ఆడించేవాడు ఆట మీద లాభం తీసుకుంటే సంగతి వేరని కూడా ఆ తీర్పులోనే ఉంది. మన గంజాం, పూరీ వైపు గంజపా ముక్కలు చూసే ఉంటారు. చింతగింజల జిగురు, సుద్ద పట్టించిన గుడ్డని గుండ్రంగా కోసి పటచిత్రకారులు బొమ్మలేస్తారు. రంగుకి 12 ముక్కలు: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా. రచ్చబండ మీద పెద్దవాళ్లు పొద్దుపుచ్చడానికి ఆడిన ఆట అది. ముక్కలతో కాలక్షేపం మనకి పరాయిది కాదు.

దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. 1993లో మ్యాజిక్ వచ్చిన కొత్తలో దాని రూల్స్‌లోనే పందెం ఉండేది. ఆటకి ముందు ఇద్దరూ తలొక కార్డు పక్కన పెడితే, గెలిచినవాడు రెండూ పట్టుకుపోయేవాడు. ఆడేవాళ్లకే అది నచ్చలేదు. పందెంతో ముడిపడ్డ కార్డుల్ని 1995 తర్వాత ముద్రించడమే మానేశారు, పోటీల్లో నిషేధించారు. నా బల్ల దగ్గరా అదే రూలు. ఎవరి కార్డులతో వాళ్లు వస్తారు, వాటితోనే ఇంటికెళతారు.

అపోహ: "ఎన్ని ప్యాకెట్లు కొంటే అంత మంచి డెక్ తయారవుతుంది."

తల్లిదండ్రులు నిజంగా కన్నేసి ఉంచాల్సింది ఇక్కడే. ఆటలో లేని జూదపు రుచి ఈ ప్యాకెట్ చింపడంలో ఉంది. లోపల ఏముందో కొనేదాకా తెలీదు. ఎక్కువ భాగం మామూలు కార్డులు, ఎప్పుడో ఒక అరుదైనది. "ఈసారి కచ్చితంగా చరిజార్డ్ వస్తుంది అంకుల్" అంటూ ఇంకో ప్యాకెట్ అడిగే పిల్లాడి మొహం నాకు బాగా తెలుసు. ఆ మొహం చూసినప్పుడు నేను అమ్మకం ఆపేసి, వాణ్ణి బల్ల దగ్గరికి పంపిస్తాను. ముందు ఉన్నవాటితో ఆడమంటాను.

సరదాకి ఆడేవాడికి ప్యాకెట్లతో పెద్దగా పని లేదు. డెక్ నడవాలంటే కార్డులు ఒకదానికొకటి అక్కరకి రావాలి. ఒకే కార్డు రెండు మూడు కాపీలుండాలి, పరిణామ క్రమంలో కింది పోకెమాన్ ఉంటేనే పైది పనికొస్తుంది. చేతికందిన ప్యాకెట్లు పాతిక చింపినా ఆ వరస కుదరకపోవచ్చు. ముందే కూర్చి అమ్మే డెక్‌లు రెండు ఉంటే ఇద్దరు పిల్లలకి చాలాకాలం వస్తాయి. పోకెమాన్ వాళ్లు 2020లో మూడు సిద్ధమైన డెక్‌లు, ఆడే బోర్డు కలిపి బాటిల్ అకాడమీ అని ఒక పెట్టె తెచ్చారు. ఇంట్లో అన్నదమ్ములకి అలాంటిది ఒక్కటి చాలు. కావాల్సిన కార్డుని విడిగా కొనుక్కోవడం కూడా ప్యాకెట్ల కంటే చాలాసార్లు చవకే.

అసలు డబ్బే పెట్టకుండానూ ఆడొచ్చు. కార్డు పేరు, అది చేసే పని ఒక కాగితం ముక్క మీద రాసి, పాత కార్డు ముందు పెట్టి స్లీవ్‌లో, అంటే కార్డుకి తొడిగే ప్లాస్టిక్ కవర్లో, దోపితే ఆ పూటకి అదే ఆ కార్డు. అధికారిక పోటీల్లో ఒప్పుకోరు, మన గదిలో ఎవరికీ అభ్యంతరం లేదు. మ్యాజిక్‌లో కామన్ కార్డులతో, అంటే తేలిగ్గా దొరికే మామూలు కార్డులతో మాత్రమే ఆడే పాపర్ అనే పద్ధతి ఉంది. ఆడేవాళ్లు తమంతట తాము పెంచుకున్న ఆ పద్ధతిని కంపెనీ 2019లో అధికారికంగా గుర్తించింది. అరుదైన కార్డు ఒక్కటీ లేకుండా అందులో బుర్రకి ఎంత పని దొరుకుతుందో ఆడి చూస్తేనే తెలుస్తుంది.

అపోహ: "బంగారు కార్డుల సెట్ దొరికింది, చాలా విలువైనది."

రథయాత్ర సంతలోనూ, జాతర్లలోనూ కట్టలు కట్టలుగా అమ్మే బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులు దాదాపు అన్నీ నకిలీవే. అసలు కార్డుల్లో బంగారు రంగువి లేకపోలేదు, అవి అట్ట కార్డులు. లోహంతో చేసినవి బహు కొద్ది. నకిలీల్లో వెనక వైపు నీలం వెలిసిపోయినట్టుంటుంది, అక్షరాలు సన్నమో లావో అయి ఉంటాయి, పోకెమాన్ అనే పేరులోనే స్పెల్లింగ్ తప్పులుంటాయి. అసలు కార్డు అట్ట మధ్యలో నల్లటి పొర ఉంటుంది. అంచుని వెలుతుర్లో పట్టుకుంటే సన్నటి గీతలా కనిపిస్తుంది.

పిల్లాడు ముచ్చటపడి తెచ్చుకుంటే పారేయించకండి. అందరూ వెనక కనిపించని స్లీవ్‌లు వేసుకుంటే ఆడుకోవడానికి పనికొస్తాయి. వాటిని అసలువని చెప్పి చిన్నపిల్లలతో మార్పిడి చేయడం మాత్రం నేను ఒప్పుకోను. మా దగ్గర హైస్కూలు పిల్లలు ప్రైమరీ పిల్లలతో కార్డులు మార్చుకోవాలంటే ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పక్కన ఉండాల్సిందే.

ఇంకో చిన్న విషయం. మెరుపు కార్డు విల్లులా వంగితే అది నకిలీ అనుకుంటారు. మన వర్షాకాలపు తేమకి అట్ట ఉబ్బుతుంది, పైనున్న మెరుపు పొర ఉబ్బదు, అందుకే వంగుతుంది. స్లీవ్ వేసి, గాలి చొరబడని డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం పడేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

అపోహ: "టోర్నమెంట్లు ఆడనివాడికి ఆట వచ్చినట్టు కాదు."

బరంపురంలోనో విశాఖలోనో చదువుకుని సెలవులకి వచ్చిన కుర్రాళ్లు ఈ మాట మోసుకొస్తారు. ఈ ఆట చరిత్ర వాళ్లకి నేను ఓపిగ్గా చెబుతాను. మ్యాజిక్‌ని తయారుచేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితం చదువుకున్న మనిషి. ఆటల సమ్మేళనాల్లో ఖాళీ దొరికినప్పుడు ఆడుకునేందుకు, తేలిగ్గా పట్టుకెళ్లేలా ఒక ఆట కావాలని అడిగితే ఆయన చేసింది ఇది. పెద్ద ప్రైజు డబ్బుతో ప్రో టూర్ అనే పోటీలు మొదలైంది 1996లో. అంటే ముందు పుట్టింది కాలక్షేపం, పెద్ద డబ్బు పోటీ మూడేళ్ల తర్వాత వచ్చింది.

ఇప్పుడు మ్యాజిక్‌లో ఎక్కువమంది ఇష్టపడే కమాండర్ అనే పద్ధతి కథ ఇంకా బాగుంటుంది. అది అలాస్కాలో స్నేహితుల మధ్య పుట్టింది. తర్వాత దాన్ని పట్టుకుంది ఎవరో కాదు, టోర్నమెంట్లలో జడ్జీలుగా పనిచేసేవాళ్లే. పగలంతా పోటీలు నడిపి, రాత్రి సేదతీరడానికి వాళ్లు ఆడుకున్న ఆట అది. 100 కార్డులు, బేసిక్ ల్యాండ్‌లు (మిగతా కార్డులు వేయడానికి శక్తినిచ్చే మామూలు కార్డులు) తప్ప ఏదీ రెండోసారి రాకూడదు, ఒక్కొక్కరికీ 40 ప్రాణాలు, మామూలుగా నలుగురు. కంపెనీ దానికోసం డెక్‌లు అమ్మడం మొదలుపెట్టింది 2011లో. ఆ జడ్జీలకి ఆట రాదని ఎవరంటారు?

సరదాగా ఆడేవాళ్లలోనూ అందరికీ ఒకటే సరదా ఉండదు, బల్ల దగ్గర గొడవలకి అసలు కారణం ఇదే. ఒకడికి పెద్ద డ్రాగన్ని దింపి ధడాల్న కొట్టాలని ఉంటుంది. ఇంకొకడికి ఎవరూ వాడని కార్డుతో వింత తమాషా చేసి చూపించాలని. మరొకడికి గెలిస్తేనే తృప్తి. మ్యాజిక్ డిజైనర్లు చాలాకాలం నుంచి ఈ మూడు రకాల వాళ్లకీ టిమ్మీ, జానీ, స్పైక్ అని పేర్లు పెట్టుకుని, ముగ్గుర్నీ దృష్టిలో పెట్టుకునే కార్డులు గీస్తున్నారు. గెలవాలనుకోవడం తప్పేమీ కాదు. నాలుగో టర్న్‌లో ఆట ముగించే డెక్‌తో వచ్చి, నిన్న కార్డులు పట్టిన పిల్ల ఎదురుగా కూర్చోవడం తప్పు.

అందుకే మా దగ్గర డెక్ కలపకముందే మాట్లాడుకుంటారు. "నాది ఎంత జోరుగా పోతుందంటే..." అని ఎవరికి వాళ్లు చెప్పాలి. ఎదుటివాళ్ల చేతిలో కార్డులన్నీ పారేయించే డెక్ అయితే ముందే చెప్పాలి. చీకటి పడేలోపు ఇంటికెళ్లాల్సిన వాళ్లెవరో తెలియాలి. కమాండర్‌కి కంపెనీయే 2025లో డెక్‌ల జోరుని అయిదు మెట్లుగా విడగొట్టే పద్ధతి తెచ్చింది, ఈ మాటలు తేలిగ్గా అవడానికే. మెట్టు నంబరు చెప్పి ఊరుకుంటే చాలదని నా అనుభవం. "ఇవాళ ఎలాంటి ఆట కావాలి?" అని అడిగితేనే అసలు సంగతి బయటికొస్తుంది.

అపోహ: "సరదాకే కదా, రూల్స్ ఎలా ఉంటేనేం."

పోటీలో అయితే జడ్జీ ఉంటాడు. మన గదిలో ఎవరూ ఉండరు, కాబట్టి రూల్స్ ఇక్కడే ఎక్కువ కావాలి. పోకెమాన్‌లో దాడి చేయడానికి శక్తినిచ్చేవి ఎనర్జీ కార్డులు, చేతిలోంచి ఒక టర్న్‌కి ఒక్కటే తగిలించాలి. ఈ ఒక్కటి సడలిస్తే పెద్ద పోకెమాన్ ఉన్నవాడు రెండో టర్న్‌కే అందర్నీ ఊడ్చేస్తాడు, ఆటలో ఆలోచించడానికి ఏమీ మిగలదు. మొదట ఆడేవాడు తన మొదటి టర్న్‌లో దాడి చేయకూడదనేదీ అలాంటిదే.

కలపడం దగ్గర ఇంకా గట్టిగా ఉంటాను. ఏడో తరగతి పిల్లాడొకడు ప్రతి ఆటకి ముందు తన డెక్‌ని బల్ల మీద పరిచేవాడు. రెండు మామూలు కార్డులు, ఒక ఎనర్జీ, మళ్లీ రెండు, మళ్లీ ఎనర్జీ అని ఎంతో శ్రద్ధగా పేర్చి, పైపైన ఒకసారి కలిపి ముందు పెట్టేవాడు. వాడి మనసులో మోసం లేదు. ఎనర్జీ అన్ని చోట్లా సమానంగా ఉండటమే బాగా కలపడం అనుకున్నాడు. పేర్చింది పేర్చినట్టే వస్తే అది కలిపినట్టు కాదని, సరిగ్గా కలిపితే ఎనర్జీ ఒక్కోసారి గుంపుగా పడుతుంది, ఒక్కోసారి అసలే రాదని చూపించాను. కట్టని రెండు భాగాలు చేసి, స్లీవ్‌ల అంచులు ఒకదానిలోకొకటి పోయేలా మెల్లగా నెట్టాలి. అలా ఏడుసార్లు. 52 ముక్కల పేక బాగా కలవాలంటే రిఫుల్ పద్ధతిలో, అంటే రెండు భాగాల ముక్కల్నీ ఒకదానిలోకొకటి జార్చుతూ, ఏడుసార్లు కలపాలని బేయర్, డయకోనిస్ అనే గణితవేత్తలు 1992లో లెక్కగట్టి చూపించారు. 60 కార్డులకి ఇంకోసారి ఎక్కువైనా నష్టం లేదు. ఆఖర్న ఎదుటివాడిచేత కోయించాలి. ఆ పిల్లాడే ఇప్పుడు కొత్తవాళ్లకి కలపడం నేర్పుతున్నాడు.

అందరూ ముందే ఒప్పుకుంటే రూలు మార్చుకోవచ్చు. చిన్నపిల్లలకి మేం 30 కార్డుల డెక్, 3 ప్రైజ్ కార్డులతో ఆడిస్తాం, వాళ్ల ఓపికకి సరిపోతుంది. ఆట మధ్యలో మార్చడం మాత్రం ఉండదు.

అపోహ: "ఇంగ్లిష్ రాకపోతే ఆడలేరు."

మా గదిలో తెలుగు, ఒడియా, అప్పుడప్పుడు సవర, అన్నీ వినిపిస్తాయి. ఒడియా మీడియం పిల్లలకి మొదట్లో కార్డు చదవడం బెరుకే. కానీ కార్డుల మీద మళ్లీ మళ్లీ వచ్చేది ఒక గుప్పెడు మాటలే: డ్రా, డిస్కార్డ్, బెంచ్, డ్యామేజ్, షఫుల్. దింపిన ప్రతి కార్డునీ పైకి చదివి, ఏం చేస్తుందో ఎదుటివాళ్ల భాషలో చెప్పాలని మా దగ్గర అలవాటు. నెల తిరిగేసరికి చదవడానికి ఎవరూ వెనకాడరు.

అపోహ: "చిన్నపిల్లలతో ఆడితే కావాలని ఓడిపోవాలి."

వద్దు. పిల్లలు ఇట్టే పసిగడతారు, గెలిచిన ఆనందం కాస్తా చప్పబడిపోతుంది. ఒక తాతగారు మనవరాలితో ఆడటానికి వస్తారు, ఆయన రమ్మీలో చెయ్యి తిరిగిన మనిషి. మొదట్లో ఆ పిల్లకోసం మంచి కార్డులు చేతిలోనే దాచుకునేవారు. "తాతా, నువ్వు సరిగ్గా ఆడట్లేదు" అని అలిగి లేచిపోయేది.

దీనికి నేను చెప్పే ఉపాయం డెక్‌లు మార్చుకోవడం. పెద్దవాళ్లు బలహీనమైన డెక్ తీసుకుని మనసుపెట్టి ఆడండి. లేదా పిల్లలకి ఒక ప్రైజ్ కార్డు తక్కువ పెట్టి మొదలుపెట్టండి. ఆట అయ్యాక ఇద్దరి చేతుల్లోని కార్డులూ బల్ల మీద తిరగేసి, "ఈ టర్న్‌లో నువ్వు ఇది వేసి ఉంటే నేను ఇరుక్కునేవాణ్ణి" అని చూపించండి. ఇప్పుడు ఆ తాతగారూ మనవరాలూ రెండేసి ఆటలు ఆడతారు, రెండో ఆటకి డెక్‌లు అటూ ఇటూ మారతాయి. ఆయన డెక్‌లో ఏ కార్డు తీసేసి ఏది పెట్టాలో ఈమధ్య ఆ పిల్లే చెబుతోంది.