మన్నార్ స్పాంజీల పేర్ల వెనక ముత్యాల గోల

ఇంటర్లో బైపీసీ చదివినవాళ్లకి స్పాంజీ (నీళ్లలో ఒకచోట అతుక్కుని బతికే జంతువు) అంటే పొరిఫెరా, కంటకాలు (దాని ఒంట్లోని సన్నటి సూదులు), కాలర్ కణాలు, పరీక్ష అవగానే అన్నీ మర్చిపోతాం. అసలు మన వైపు సముద్రంలో ఏ స్పాంజీలున్నాయి, వాటికి పేర్లు ఎవరు పెట్టారు అని చూస్తే కథ ముత్యాల దగ్గరికి పోతుంది.

మొదట్లో పని చాలావరకు లండన్లోనే. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ ఇక్కడ ఏరి పంపితే అక్కడ కూర్చుని ఆర్థర్ డెండీ అనే జంతుశాస్త్రవేత్త 1887లో మద్రాసు స్పాంజీల మీద రిపోర్టు రాశాడు. తర్వాత సిలోన్లో ఏళ్ల తరబడి ముత్యపు చిప్పలు సరిగ్గా దొరక్క ప్రభుత్వం ఆదాయం పోయి గాభరాపడి, లివర్‌పూల్ నుంచి హెర్డ్‌మన్ అనే ప్రొఫెసర్ని పిలిపించింది, ఆయన 1902లో తమిళనాడుకీ సిలోన్‌కీ మధ్యనున్న మన్నార్ సింధుశాఖలో చిప్పలతో పాటు కనపడ్డవన్నీ పట్టుకుపోయాడు (ముత్యం పుట్టేది బద్దెపురుగు పిల్ల చుట్టూ అని నమ్మాడులెండి, అది వేరే గొడవ). అందులో స్పాంజీల వాటా మళ్లీ డెండీకే వచ్చింది, 1905లో పెద్ద రిపోర్టు. చిప్పకి చిల్లులు పొడిచి లోపల కాపురముండే ఒకదానికి క్లయోనా మార్గరిటిఫెరే అని పేరు పెట్టాడు, ముత్యాల పేరు అలా దానికి అంటుకుంది.

చిక్కంతా ఎక్కడంటే స్పాంజీకి స్థిరమైన ఆకారం ఉండదు, ఒకే జాతి అలల తాకిడి ఉన్నచోట అట్టు పోసినట్టు పరుచుకుంటుంది, నీళ్లు నిలకడగా ఉంటే పైకి లేస్తుంది, స్పిరిట్లో వేస్తే రంగు కూడా పోతుంది. అందుకే యూరప్‌లోని హాలికాండ్రియా పానిసియా అనే ఒక్క స్పాంజీకి వేరే వేరే మనుషులు వేరే జాతులనుకుని 50కి పైగా పేర్లు పెట్టేశారు! నమ్మదగ్గది కంటకాలే. బియ్యపు గింజంత ముక్క స్లైడు మీద పెట్టి బ్లీచ్ చుక్క వేస్తే బుసబుసా నురగొచ్చి కండ కరిగిపోతుంది, మిగిలిన గాజు సూదుల్ని మైక్రోస్కోపులో చూస్తే కొన్ని రెండు పక్కలా మొన, కొన్ని నక్షత్రాలు, క్లయోనాకైతే అచ్చం తలకాయున్న గుండుసూదులు.

మనవాళ్లు దీన్ని గట్టిగా పట్టుకుంది స్వతంత్రం వచ్చాకే. సెంట్రల్ మెరైన్ ఫిషరీస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ సైంటిస్టు పి.ఎ. థామస్ ఏళ్ల తరబడి కూర్చుని మన్నార్ సింధుశాఖ, దాని పక్కనున్న పాల్క్ అఖాతాల్లో 275 జాతులు లెక్క తేల్చాడు, దేశం మొత్తం మీద 486 అన్నాడు. నా దృష్టిలో డెండీ కంటే ఈయన పనే పెద్దది, ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ. ఈలోగా వర్గీకరణే మారిపోయింది, 2002లో ప్రపంచ స్పాంజీలన్నిటికీ కలిపి సిస్టెమా పొరిఫెరా అనే పుస్తకం రెండు వాల్యూములొచ్చి పాత ప్రజాతుల్ని మళ్లీ సర్దింది, 2012లో డీఎన్ఏ చూసి హోమోస్క్లెరోమార్ఫా అని నాలుగో తరగతిని విడదీశారు. అంటే పాత లిస్టుల్లో పేర్లు కొన్ని ఇప్పుడు చెల్లవు, ఒక్కోటి మళ్లీ చూసుకోవాల్సిందే.

ఇవాళ తూత్తుకుడి దగ్గర ఎవరైనా నీళ్లలో దిగి ఇది కొత్త జాతి అనాలంటే దగ్గరి చుట్టాల టైపు నమూనాలతో (మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన నమూనాలు) పోల్చి చూపాలి, డెండీవి చాలావరకు ఉన్నది లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో. స్పాంజీ ఇక్కడ, దాని గుండుసూదుల స్లైడు అక్కడ.